బురుజు మావయ్య మోకాళ్ళు

పార్కు గుట్ట మీద ఉన్న చెక్క బురుజుని కనిపెట్టుకుని ఉండేది బురుజు మావయ్య. ఆయనకి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ దానితో పని పడలేదు. ఊళ్ళో పిల్లా పెద్దా అందరికీ ఆయన మావయ్యే. బురుజు అడుగున చిన్న గదిలో, కిటికీ వెనక కూర్చుని టికెట్లు చించే ఆయన భార్య అందరికీ అత్తయ్యే.

మావయ్య పనల్లా ఒకటే. బురుజు మొదట్లో ఒక పచ్చ కుర్చీ ఉంది. అందులో కూర్చుని, ఎక్కబోయే వాళ్ళని ఆపి, పైన ఏమేం చూడాలో చెప్పి మరీ పంపాలి. ఆ చెప్పడం చూసి తీరాలి మీరు. రెండు చేతులూ గాల్లో తిప్పుతూ, కళ్ళు అరమూసి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, వినేవాళ్ళకి కాళ్ళు నిలవకుండా చేసేవాడు. ఎక్కగానే తూర్పుకి తిరగాలి. నది వంపు తిరిగిన చోట ఎర్ర పెంకుల మిల్లు ఉంటుంది. మిల్లు పొగగొట్టం మీద కొంగ గూడు. గూట్లో కొంగ కూడా కనబడిందా, ఇక ఆ రోజు మీది. వాళ్ళు మొదటి మెట్టు మీద కాలు పెట్టాక వెనకనుంచి ఒక మాట వేసేవాడు. "ఎక్కి చూస్తేనే సుఖం. ఇంకోళ్ళు ఎత్తుకెళ్ళి చూపిస్తే ఏముంటుంది?"

ఈ మాటకి ఎంత పేరొచ్చిందంటే, పాత కట్టడాల సంఘం వాళ్ళు దాన్ని బోర్డు మీద రాయించి పార్కు గేటు దగ్గర నిలబెట్టారు. కింద మావయ్య పేరు వెయ్యబోయి, అదేమిటో ఎవరికీ తెలియక, "ఒక అనుభవజ్ఞుడు" అని వేసి చేతులు దులుపుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, కడుపులోనే దాచుకోండి. ఆ అనుభవజ్ఞుడు బురుజెక్కి ఏళ్ళు దాటిపోయాయి. కారణం మోకాళ్ళు. ఒకరోజు రెండో మలుపు దగ్గర కుడి మోకాలు మొరాయించింది. రేపు చూద్దాంలే అని దిగొచ్చేశాడు. రేపటికి ఎడమ మోకాలు కూడా కుడిదానితో జట్టు కట్టింది. సరే ఎల్లుండి అనుకున్నాడు. అలా వాయిదాలు పడీ పడీ, కళ్ళు మూసుకుని ఎక్కిన మెట్లు ఆయనకి పరాయివైపోయాయి.

ఈ రహస్యం అత్తయ్యకి తప్ప మూడో మనిషికి తెలియదని మావయ్య ధీమా. పైన ఊడ్చి తుడిచే పని ఆవిడ నెత్తిన పడింది. ఎవరైనా అడిగితే, మేం పని పంచుకున్నాం, నోరు నాది, చీపురు ఆవిడది అని నవ్వేసేవాడు. రోజూ పొద్దున్నే అత్తయ్య ఎక్కి ఊడ్చి దిగొచ్చేది. రోజూ సాయంత్రం మావయ్య ఇంట్లో కాళ్ళు చాపుకుని నొప్పుల నూనె పట్టించుకునేవాడు. ఆ నూనె విషయంలో ఆయనకి కొట్టువాడితో తీరని తగువొకటి ఉంది. నెల్లాళ్ళు రావలసిన సీసా సగం నెలకే అడుగంటేది. కొట్టువాడు తక్కువ పోస్తున్నాడని ఆయన అనుమానం కాదు, నమ్మకం. ప్రతి సీసాకీ వెళ్ళి వాడితో పేచీ పెట్టుకుని, గెలిచానని చెప్పుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఏ మాటకా మాట, అత్తయ్య ఆ పేచీల్లో ఏనాడూ కలగజేసుకోలేదు.

మోకాళ్ళ నొప్పులేమైనా నేరమా, దాచడమెందుకు అంటారా? మీకేం, ఎన్నయినా అంటారు. బురుజెక్కలేని బురుజు కాపలాదారు, ఈత రాని పడవవాడు, ఇద్దరూ ఒకటే. ఉద్యోగం పోవడం తర్వాతి సంగతి. ఎదురుగా నిలబడి నోరు తెరుచుకుని వినే ఆ జనం పోతే, ఇక ఆయనకి మిగిలేది ఒక కుర్చీ, రెండు మోకాళ్ళు. అదీ ఆయన భయం.

ఇలా ఉండగా పైనుంచి రెండు ఉత్తర్వులు వచ్చి పార్కు సూపరింటెండెంటు బల్ల మీద పడ్డాయి. జనం ఎక్కి చూసే చోటు ఏదైనా సరే, మెట్లెక్కలేని వాళ్ళకి కూడా అదే దృశ్యం చూసే వీలుండాలి, ఈ ఏడాది దాటేలోగా ఆ వీలు కల్పించకపోతే అందరికీ కలిపి తాళం వెయ్యాలి అని ఒకటి. పాత కట్టడాల్లో ఒక్క మేకు పీకినా, ఒక్క మేకు కొట్టినా ఊరుకోం అని రెండోది. సూపరింటెండెంటు ఒక మోచెయ్యి దీని మీదా ఇంకో మోచెయ్యి దాని మీదా పెట్టి తల పట్టుకున్నాడు.

ఆయన ప్రయత్నం చెయ్యలేదని మాత్రం అనకూడదు. చక్రాల కుర్చీ పోయే వాలుదారి వెయ్యాలంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలట. స్కేలు తీసుకుని గీశాడు. ఆ దారి బురుజు మీంచి దిగి, పార్కు గేటు దాటి, బేకరీ ముందునుంచి పోయి, బడి దగ్గర మలుపు తిరిగేసరికి కాగితం అయిపోయింది. పోనీ లిఫ్టు పెడదామా అంటే, ముందు మమ్మల్ని ఆ గోతిలో పూడ్చి ఆ పైన లిఫ్టు పెట్టుకోండి అన్నారు పాత కట్టడాల సంఘం వాళ్ళు. అయితే మూసేద్దాం, పీడా పోతుంది అనుకున్నాడు సూపరింటెండెంటు.

ఈ కబురు విని మావయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఎవరో ఎక్కలేరని, ఎక్కే వాళ్ళందరికీ తాళం వేస్తారా, ఇదెక్కడి న్యాయం అని వచ్చిన వాడికల్లా చెప్పి వాపోయాడు. తను ఏ పక్షంలో ఉన్నాడో ఆ ఆవేశంలో ఆయనకి గుర్తులేదు.

తనిఖీకి ఒకమ్మాయి వచ్చింది. చక్రాల కుర్చీలో, తనే తోసుకుంటూ, గుట్ట మీద గులకరాళ్ళని కసురుకుంటూ వచ్చింది. బురుజు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తలెత్తి చూసి, చాలా బాగుందండీ అంది. మావయ్య పొంగిపోయి తన పాఠం మొదలెట్టాడు. నది, మిల్లు, గొట్టం, కొంగ, అన్నీ అయ్యాయి. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, కొలతల టేపు తీసి ఆయన చేతిలో పెట్టింది. తనకి ఎక్కడం కుదరదు కాబట్టి ఆయనే పైకెళ్ళి పిట్టగోడ ఎంత ఎత్తుందో కొలిచి చెప్పాలి, అదే ఎత్తునుంచి మిగతా వాళ్ళకి చూపించాలి కదా అంది.

మావయ్య ముందు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. అది ముక్కు మీదే ఉంది. తర్వాత కుర్చీ వదిలితే డ్యూటీ వదిలినట్టన్నాడు. నేను కూర్చునే ఉన్నాగా, మీ డ్యూటీ చూస్తాను అంది ఆ అమ్మాయి. ఇక లాభం లేదని గొంతు తగ్గించి, మూడో మలుపులో కందిరీగలు తుట్టె పెట్టాయమ్మా, మనిషి అలికిడి వింటే చాలు మీద పడుతున్నాయి అన్నాడు. సరిగ్గా అప్పుడే ఒక సంసారం ఐసుక్రీములు నాక్కుంటూ, పాటలు పాడుకుంటూ ఆ మెట్లు దిగి వచ్చింది.

ఆ అమ్మాయి నవ్వలేదు. మావయ్య తుట్టె ఎక్కడుందో చూపిద్దామని లేచాడు. లేవడానికి రెండు చేతులతో స్తంభం పట్టుకున్నాడు, పళ్ళు బిగించాడు, సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు. మనుషులు లేవడం, కూర్చోవడం ఆ అమ్మాయి చూసినంత శ్రద్ధగా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"కందిరీగలు మోకాళ్ళలో ఉన్నాయా అండీ?" అని మెల్లిగా అడిగింది.

మావయ్య చుట్టూ చూశాడు. కిటికీలో అత్తయ్య టికెట్ల కట్ట సర్దుకుంటోంది, వినబడనట్టే ఉంది.

"ఎవరితోనూ అనకమ్మా" అన్నాడు.

"అనను. కాకపోతే ఈ బురుజెక్కలేని వాళ్ళు ఇందాకటిదాకా ఒక్కరు. ఇప్పుడు ఇద్దరు."

"నన్ను ఆ లెక్కలో వెయ్యకు తల్లీ. నావి ఉత్త నొప్పులు."

"నాదీ ఉత్త కుర్చీయే మావయ్యా" అంది ఆ అమ్మాయి.

టేపు అత్తయ్య పట్టుకెళ్ళింది. కొలిచి, దిగొచ్చి, కిటికీ దగ్గర ఆ అమ్మాయికి కొలత చెప్పింది. కొలత చెప్పడానికి అంతసేపెందుకో మావయ్యకి అర్థం కాలేదు. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు, ఒకసారి నవ్వుకున్నారు, ఒకసారి ఆయన వైపు చూశారు, ఆయన చూడగానే టక్కున నోరు మూసుకున్నారు.

ఆ అమ్మాయి మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మూడోనాడు చెట్లకి నీళ్ళు పోసే ట్యాంకరు గుట్ట వెనకనుంచి ఎక్కుతుంటే దాని వెనకే కుర్చీ తోసుకుంటూ పోయింది. ఆ గుట్ట వెనక భాగం ఎత్తులో బురుజు తలతో పోటీ పడుతుంది. అటంతా దట్టమైన చెట్లు, అక్కడ నిలబడితే ఆకులు తప్ప ఏమీ కనబడవు గనక దాని ఊసు ఎవరికీ పట్టలేదు. ట్యాంకరు దారి మాత్రం వాలుగా, నింపాదిగా చుట్టు తిరిగి పైదాకా పోతుంది. ఆ అమ్మాయి పైకి చేరి, ఆకుల సందుల్లోంచి బురుజు కప్పు తన కళ్ళకి ఎదురుగా కనబడేసరికి, అక్కడే కూర్చుని పెద్దగా నవ్విందట. ట్యాంకరు డ్రైవరు చెప్పాడు.

ఆ అమ్మాయి ఆలోచన ఇది. ఆ దారి బాగుచేసి, గుట్ట అంచునుంచి బురుజు పై అంతస్తు ఎత్తులోనే ఒక చెక్క వంతెన వెయ్యాలి. వంతెన తన కాళ్ళ మీద తను నిలబడాలి, బురుజుకి జానెడు దూరంలో ఆగిపోవాలి. మేకు పీకక్కర్లేదు, మేకు కొట్టక్కర్లేదు. ఎక్కేవాళ్ళు బురుజెక్కి చూస్తారు, ఎక్కలేని వాళ్ళు వంతెన మీద నిలబడో కూర్చునో అదే చూస్తారు.

పాత కట్టడాల సంఘం ఒప్పుకోవాలి. సమావేశం పెట్టారు. సంఘం అధ్యక్షుడు పెద్దమనిషి, గొంతు కూడా పెద్దదే. బురుజు పక్కన ఇంకోటి నిలబెడితే బురుజు అందం ఏం కావాలి, కష్టపడి ఎక్కడంలోనే కదా దాని ప్రాణం ఉన్నది అన్నాడు. బోర్డు మీది మాట పైకి చదివి వినిపించాడు. సంఘం కాదంటే వంతెన లేదు, వంతెన లేకపోతే నెల తిరిగేసరికి తాళమే అని సూపరింటెండెంటు గుర్తుచేశాడు. తాళం వేసినా ఫర్వాలేదు, చెడగొట్టకండి అన్నాడు అధ్యక్షుడు. కావాలంటే ఈ అనుభవజ్ఞుణ్ణే అడగండి అని మావయ్య వైపు చెయ్యి చూపించాడు.

అందరూ తిరిగి చూశారు. చక్రాల కుర్చీ అమ్మాయి మాత్రం కిందికి చూసింది, మాట ఇచ్చింది గనక. తలుపు దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. అవునండీ అని ఒక్క ముక్క అంటే చాలు, మావయ్య పరువు భద్రం. బురుజుకి మాత్రం తాళం. బల్ల పట్టుకుని మెల్లిగా లేచాడు.

"అయ్యా, ఆ మాట నాదే. కానీ నేనెక్కి తొమ్మిదేళ్ళయింది. ఎక్కలేక. ఇంకోళ్ళు చూపిస్తే ఏముంటుంది అన్నాను గానీ, చూపించేవాళ్ళే ఉంటే ఎప్పుడో వెళ్ళేవాణ్ణి. ఆ మిల్లుని ఒక్కసారి మళ్ళీ చూడాలని ఉంది నాకు."

సూపరింటెండెంటు కిటికీలోంచి బయటికి చూశాడు. సంఘం సభ్యులు బల్ల కేసి చూశారు. అత్తయ్య పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. తన సిగ్గు చూసి జనం సిగ్గుపడుతున్నారని మావయ్య అనుకున్నాడు, కుర్చీలో కుంచించుకుపోయాడు.

అధ్యక్షుడు చాలాసేపటికి గొంతు సవరించుకున్నాడు. "రెండు మోకాళ్ళూనా?"

"రెండూనండి."

"నూనె ఏం వాడుతున్నావు?"

వంతెనకి ఒప్పుకున్నట్టు అందరికీ అప్పుడే తెలిసిపోయింది. మర్నాటికి గేటు దగ్గర బోర్డు మాయమైంది. అధ్యక్షుడే పీకించాడని కొందరు, స్వయంగా తన చేత్తోనే పీకాడని కొందరు. ఆయన మోకాళ్ళూ మావయ్య మోకాళ్ళలాంటివేనని విన్నాక రెండో మాట నేను నమ్మను.

వంతెన పూర్తయిన రోజు మొదట ఎవరు వెళ్ళాలన్న దాని మీద వాదనేమీ రాలేదు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెయిలింగు పట్టుకుని నడిచాడు. పక్కనే ఆ అమ్మాయి, ఆయన నడకకి సరిపడా కుర్చీ తోసుకుంటూ వచ్చింది. దారి పొడుగునా మావయ్య ఆగలేదు, నోరూ ఆగలేదు. కొంగలు ఈ నెలలో ఉంటాయో ఉండవో అని ఒకటే ఆరాటం. ఏళ్ళయింది కదా మావయ్యా, ఏవైనా మారి ఉండొచ్చు అని ఆ అమ్మాయి నెమ్మదిగా అంది. నదెక్కడికి పోతుందమ్మా అన్నాడు ఆయన.

వంతెన చివరికి చేరాడు. తూర్పుకి తిరిగాడు.

మేడలు. అంతస్తుల మీద అంతస్తులు, డాబాల మీద నీళ్ళ ట్యాంకులు, తీగల మీద ఆరేసిన బట్టలు. తప్పు దిక్కు తిరిగానేమో అనుకుని ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, మళ్ళీ తూర్పుకే వచ్చాడు. మిల్లు లేదు. గొట్టం లేదు. కొంగ ఉండడానికి గూడే లేదు.

ఆ అమ్మాయి మాత్రం రెయిలింగుకి ముక్కు ఆనించి చూస్తోంది. దూరంగా ఒక డాబా మీద ఎవరో దుప్పటి ఆరేస్తుంటే గాలి లాక్కుపోతోంది, అతను దాంతో కుస్తీ పడుతున్నాడు. ఒకరు మొయ్యకుండా ఇంత పైనుంచి చూడటం ఇదే మొదలు మావయ్యా, ఎంత బాగుందో అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా దాచుకోలేదు.

ఇంతలో జానెడు దూరంలో, బురుజు పై అంతస్తులోకి ఒక జంట ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. వాళ్ళ చూపు ముందు మావయ్య మీద పడింది. ఇంకా ఏ దిక్కుకీ తిరగనైనా తిరగలేదు.

"చూశామండీ మావయ్యగారూ, ఎర్ర పెంకుల మిల్లు చూశాం" అన్నాడు భర్త రొప్పుతూ.

"కొంగ కూడా ఉంది" అంది భార్య.

మావయ్య వాళ్ళని చూశాడు. తూర్పుకి చూశాడు. తర్వాత కిందికి చూశాడు. అడుగున టికెట్ల కిటికీలోంచి అత్తయ్య సగం బయటికి వంగి, టికెట్టు కొన్న ఒక ముసలాయన చెవిలో ఏదో చెబుతోంది. ముసలాయన బుద్ధిగా తలూపాడు. ఆయన వెనక నిలబడ్డ ఆవిడ చెవిలోనూ చెప్పింది. ఆవిడా తలూపింది. అప్పుడు అత్తయ్య ఎందుకో తలెత్తి పైకి చూసింది. చూసి, చటుక్కున కిటికీలోకి తల లాక్కుంది.

తొమ్మిదేళ్ళుగా దిగి వచ్చిన వాళ్ళంతా, చూశామండీ అని చెప్పి వెళ్ళిన వాళ్ళంతా, మావయ్య కళ్ళముందు వరసగా నడిచిపోయారు. ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. ఆ రెంటినీ తోసుకుని ఇంకేదో వచ్చేసరికి రెయిలింగు గట్టిగా పట్టుకున్నాడు.

"కొంగ కూడా ఉందా? మీ అదృష్టం" అన్నాడు ఆ జంటతో.

సాయంత్రం పార్కు మూసే వేళ ఆయన కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అత్తయ్య టికెట్ల డబ్బా మూస్తూ, ఆయన మొహం కేసి చూడకుండా, అన్నీ కనిపించాయా అండీ అని అడిగింది.

"మిల్లు తప్ప ఏవేవో కనిపించాయి. వచ్చిన వాళ్ళందరి చెవులూ కొరుకుతూ ఒకావిడ కూడా కనిపించింది."

అత్తయ్య డబ్బా మూత రెండుసార్లు తీసి మూసింది. మిల్లు పడగొట్టింది ఆయన ఎక్కడం మానేసిన మరుసటేడేనని చెప్పింది. ఊరందరిచేతా అబద్ధమాడించావన్నమాట అన్నాడు మావయ్య. ఊరికే ఆడలేదు, టికెట్టు కొనుక్కునే ఆడారు అంది ఆవిడ. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వు ఆగాక ఆవిడ గొంతు మారింది.

"ఎలా చెప్పమంటారు? మీరు చెబుతుంటే నాకే కళ్ళకి కట్టినట్టుండేది. ఎక్కినప్పుడల్లా ముందు దానికోసమే చూసేదాన్ని, మళ్ళీ కట్టేశారేమో అని."

నది అయినా ఉందా అని అడిగాడు మావయ్య. ఉంది, రెండు మేడల సందులో చెయ్యంత, కాస్త ఎడమకి ఒరిగి చూడాలి, రేపు చూపిస్తాను అంది. అయితే నువ్వు బురుజు మీదనుంచి చెయ్యి పెట్టి చూపించు, నేను వంతెన మీదనుంచి చూస్తాను అన్నాడు మావయ్య.

అత్తయ్య కిటికీ చెక్క వెయ్యడానికి లేవబోయింది. కిటికీ అంచుని రెండు చేతులతో పట్టుకుంది, పళ్ళు బిగించింది, ఒక ఊపిరి ఆపి లేచి నిలబడింది. అచ్చం ఆయన లేచినట్టే.

"ఇంకా బురుజెందుకండీ? నేనూ మీ దారినే వస్తాను. నావేమైనా ఇనప మోకాళ్ళా?"

మావయ్య కొయ్యబారిపోయాడు. నెల రావలసిన సీసా సగం నెలకే ఎందుకు అడుగంటిందో, కొట్టువాడితో తను పెట్టుకున్న పేచీలన్నిటికీ ఈ మనిషి ఎందుకు నోరెత్తలేదో ఇప్పటికి తలకెక్కింది. ప్రతి పొద్దునా చీపురు పుచ్చుకుని ఆ మెట్లన్నీ ఎక్కింది. నొప్పి అని ఒక్కనాడు అనలేదు. తను అడగనూ లేదు. సిగ్గుతో ఆయనకి తల ఎత్తబుద్ధి కాలేదు. గదిలోకి వెళ్ళి, తలుపుకి ఆనించి ఉన్న ఆవిడ చీపురు తీసి మూల పెట్టి, తన మోచెయ్యి అందించాడు.

ఇంటికెళ్తూ దారిలో నూనె కొట్టు దగ్గర ఆగారు. మావయ్యని చూడగానే కొట్టువాడు చేతులు కట్టుకుని పేచీకి సిద్ధమయ్యాడు. మావయ్య కొలత ఊసెత్తలేదు, రెండు సీసాలు ఇమ్మన్నాడు.